ఖాళీగా రాకూడని డబ్బా

మా బాపమ్మ భూలక్ష్మి, అంటే మా నాన్నను కన్న తల్లి, ఖాళీ డబ్బాను చూస్తే పామును చూసినట్టు ఉలిక్కిపడుతుంది. ఆమె కూర పంపిన గిన్నె తిరిగి వచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి ఉండి తీరాలి. లేకపోతే మూత తీసి, లోపలికి తొంగిచూసి, "ఏందే, ఉత్తగ కడిగి పంపిండ్రా?" అంటుంది. బల్కంపేటలో మా గల్లీవాళ్లు దొంగలకు భయపడరు గానీ మా స్టీలు డబ్బాకు భయపడతారు. ఇంట్లో ఏమీ లేని రోజున ఒకావిడ రెండు ఎండుమిరపకాయలు పెట్టింది. ఇంకొకాయన గోడగడియారం సెల్లు పెట్టాడు. బాపమ్మ రెండింటినీ ఒకేలా మెచ్చుకుంది. డబ్బా మోసి, వాళ్లు వంటింట్లో వెతుక్కునేదాకా వాకిట్లో నిలబడేది మాత్రం నేను. సిగ్గుతో చచ్చేదాన్ని.

నేను ఇంటర్ తప్పాను. అయినా అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో కూర్చుని, బీటెక్ చదివినవాళ్లకు ఫోన్ చేసి ఏ కోర్సులో చేరాలో సలహా చెప్పేదాన్ని. మొన్న జూన్‌లో ఆ బ్రాంచి మూసేసి నన్నూ, నా పక్క సీటు ఉమైరానూ రేపటినుంచి రావద్దన్నారు. చివరి నెల జీతం, వాడుకోని సెలవుల డబ్బులు పంజాగుట్ట ఆఫీసులో ఇస్తామన్నారు. వెళ్లి అడిగితే మా సారు విజయేందర్, "ప్రాసెస్‌లో ఉందమ్మా" అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ ప్రాసెస్. ఆ తర్వాత నాకు నోరు రాలేదు. నా డబ్బులు నేను అడగడానికి, ఎవరి పర్సో కొట్టేసినదానిలా ముఖం దాచుకున్నాను.

ఉమైరా సంగతి ఇంకా ఘోరం. హాస్టల్‌లో మెస్సు ఆపేశారు, ఫీజు కట్టకపోతే బెడ్డు ఖాళీ చేయమన్నారు. తిన్నావా అని అడిగితే "హో గయా" అనేది, అయిపోయిందని. ఏమైందో, ఎప్పుడైందో చెప్పేది కాదు. ఏమిచ్చినా తీసుకునేది కాదు.

ఇది విని బాపమ్మ డబ్బాలో పప్పూ అన్నం సర్దింది. "ఆ పిల్లకియ్యి. డబ్బా ఖాళీగ ఇయ్యొద్దని చెప్పు."

"బాపమ్మా, జర సిగ్గుండాలె! దానికే తిననీకి లేదు. ఏం పెడ్తది?"

"ఏదన్న పెడ్తది. నువ్వైతే చెప్పు."

చెప్పాను, నా చెప్పులవైపు చూస్తూ. నా దగ్గర టీ కూడా ముట్టని ఉమైరా ఫక్కున నవ్వి డబ్బా అందుకుంది. సాయంత్రం తన కిటికీ కుండీలోని పుదీనా నాలుగు రెమ్మలు పెట్టి ఇచ్చింది. బాపమ్మ దాంతో పచ్చడి నూరి మళ్లీ ఆ పిల్లకే పంపింది.

తర్వాత మొక్కజొన్నలు రుబ్బి మక్క గారెలు చేసింది. "పా, మీ సారు కాడికి."

"నేను రాను."

"నువ్వేం మాట్లాడకు. డబ్బా పట్టుకో, చాలు."

పంజాగుట్ట ఆఫీసు హాలు నిండా పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు. బాపమ్మ నేరుగా విజయేందర్ సారు టేబుల్ మీద డబ్బా పెట్టింది. "సారూ, ఈ పిల్ల మీ దగ్గర నౌకరి చేసింది. వేడిగున్నయి, తినుండ్రి." అంతే. జీతం మాట లేదు. నాకు మాత్రం గోడమీది ప్లేస్‌మెంట్ ఫొటోల్లోకి దూరిపోవాలనిపించింది.

మర్నాడు డబ్బా కోసం వెళ్లాం. అటెండరు తళతళలాడేలా తోమి ఇచ్చాడు. బాపమ్మ మూత తీసింది, తొంగిచూసింది, హాలంతా చూసేలా బోర్లించింది.

"ఏం సారూ, మీ అమ్మ సుత గిన్నె గిట్లనే ఉత్తగిస్తదా?"

సారు కంగారుగా ఒక చాక్లెట్ వేశాడు. మళ్లీ గారెలు వెళ్లాయి, ఆపిల్ వచ్చింది. ఆ తర్వాత వాళ్ల సెంటర్ క్యాలెండర్ మడతపెట్టి వచ్చింది. సారు ఒక్క గారె కూడా మిగల్చలేదని మాత్రం ఒప్పుకోవాలి.

"బిడ్డా, ఇయన్ని నాకు పెట్టినవ్. మరి పిల్ల చేసిన పనికేం పెడ్తవ్?"

"ప్రాసెస్‌లో ఉందమ్మా."

"ఉండని తీ. మా పొయ్యి మీద గారెలు సుత ప్రాసెస్‌లనే ఉన్నయి. రేపొస్త."

పక్కనున్న ఒక తండ్రి ఫీజు కవరు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "ఏంది సార్, పనిచేసినోళ్లకు జీతాలియ్యరా?"

సారు చెవులు ఎర్రబడ్డాయి. తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు బాపమ్మ రెండు డబ్బాలు తీసుకెళ్లింది. "ఇది నా మనుమరాలిది. ఇది ఉమైరాది." సాయంత్రానికి రెండింట్లోనూ చెక్కులు వచ్చాయి. ఉమైరా బెడ్డు నిలిచింది. నేను ఎగిరి గంతేశాను. బాపమ్మ మాత్రం దిగులుగా, "గా సారు మొకం నలుగుర్ల చిన్నగైపోయింది పాపం" అంది.

తెల్లారి చూస్తే మళ్లీ మూకుడులో గారెలు!

"పైసలొచ్చినయి కద! మల్లెందుకు?"

"ఆయన డబ్బా నింపి పంపిండు. మనం ఉత్తగుంటమా? ఊకె తీసుకుంటే మనిషి తల వంగిపోతదే. ఉమైరా పుదీన ఎట్లిచ్చింది, చూడలే? రాణి లెక్క ఇచ్చింది."

నాకు ఆ ఎండుమిరపకాయలూ, గడియారం సెల్లూ గుర్తొచ్చాయి. ఈసారి డబ్బా నేనే అడిగి పట్టుకున్నాను.

మమ్మల్ని గుమ్మంలో చూడగానే సారు లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఒట్టు! ఇంకెవ్వరిదీ ఆపలేదు!"

"ఎరుకే బిడ్డా. ఇయ్యాల నీకోసమే తెచ్చిన." బాపమ్మ హాలంతా వినేలా గొంతు పెంచింది. "మా పిల్లలిద్దరి జీతం ఇచ్చిన సారు ఈయననే! కూసో, చల్లారకముందే తిను."

సారు మెల్లగా తలెత్తాడు. కూర్చుని, అందరి ముందూ తిన్నాడు. అటెండరు డబ్బా తోమడానికి తీసుకోబోతే సారు గబుక్కున చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఆగవయ్యా! ఉత్తగ కడిగిస్తవా ఏంది?"