నేను రాసిన అబద్ధ సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, మా అక్క శాంతమ్మ కుడికాలు వేళ్ల నుంచి పైకి నల్లబడుతున్న రోజుల్లో, ఆమెను కాపాడగలిగిన మాట ఒక్కటే ఉండగా, ఆ మాట నా ఒక్కడి దగ్గరే ఉండగా, నేను ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చొని శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా నోరు విప్పలేదు. ఈ సంగతి ముందే చెప్పివేస్తున్నాను, ఎందుకంటే సాక్ష్యం చెప్పేవారు తమ తప్పును మధ్యలో ఎక్కడో మెల్లగా దాటవేసి విడుదల దగ్గరకు పరుగెత్తడం నేను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, చూసి కోప్పడుతున్నాను కూడా!

మన సంఘంలో సాక్ష్యం చెప్పదలచినవారు శనివారం నా దగ్గరకు వచ్చి, ముందుగా సాక్ష్యాల పుస్తకంలో విషయం రాయించుకోవాలన్న పద్ధతి నేను పెట్టినదేనని మీకు తెలుసు. జ్వరం తగ్గిందని ఆనందంతో వచ్చిన ముసలమ్మను కూడా డాక్టరు చీటీ ఏది, ఏ రోజు తగ్గింది, ఇంట్లో ఇంకెవరు చూశారు అని అడిగి, జవాబు సరిగా లేకపోతే వచ్చే వారం రమ్మని తిప్పి పంపిన వాణ్ని నేను. దేవుని పేరు మీద పొల్లుమాట రాకూడదని నా పట్టుదల. ఆ పట్టుదల గల చేతితోనే వారంలో తక్కిన రోజుల్లో నేనేమి రాశానో ఇప్పుడు వినండి.

ఫిల్మ్‌నగర్‌లో చాలాకాలం డబ్బింగ్ సినిమాలకు మాటలు రాశాను. పరభాషా నటుడి పెదవులు ఎంతసేపు కదిలితే అంతసేపు తెలుగు మాట సరిపోయేలా కూర్చడం ఆ పని. అది తగ్గిపోయాక జూబ్లీహిల్స్‌లో ఒక ప్రకటనల ఆఫీసులో చేరాను. అక్కడికి షుగరు వ్యాధికి మూలికల పొడి అమ్మే కంపెనీ ఒకటి వచ్చింది. పేరున్న నటుణ్ని పెట్టి, పెద్ద బంగళా అద్దెకు తీసుకొని, వీడియో ప్రకటన బ్రహ్మాండంగా తీశారు. జనం దాన్ని ఐదు సెకన్లలో దాటించి తమ పని చూసుకున్నారు.

అప్పుడు మా ఆఫీసు యజమాని వంశీ గారు అందరినీ కూర్చోబెట్టి, "హీరో గారు చెబితే చప్పట్లు కొడతారండీ, వంటింట్లో అమ్మాయి చెబితే కొంటారు. ఈ వీడియోలో చెప్పిందే ముక్కలు చేసి, ఫోన్లో వీడియోలు పెట్టే చిన్న చిన్న ఇన్‌ఫ్లుయెన్సర్లతో చెప్పిద్దాం. వాళ్ల జనం వాళ్లని నమ్ముతారు, ఆ నమ్మకం మనకి కావాలి" అన్నారు. ఆపైన నా వైపు తిరిగి, "మాస్టారూ, అందరూ ఒకేలా మాట్లాడితే దొరికిపోతాం. ఎవరి మాట వాళ్లదిలా ఉండాలి. అది మీ వల్లే అవుతుంది" అన్నారు. ఆ పొగడ్తకు నేను పొంగిపోయాను, సహోదరులారా! నా వృత్తికి మళ్లీ విలువ వచ్చిందనుకున్నాను.

పని ఎలా చేశానో దాచకుండా చెబుతాను. ఒప్పుకున్న ప్రతి ఒక్కరి పాత వీడియోలు వరుసగా విని, వారు మాటిమాటికీ వాడే మాటలేవో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఎవరిని ఏమని పిలుస్తారో పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్కో పేజీ కేటాయించి రాసుకున్నాను. ఆ తరువాత ఆ యాసలో, ఆ ఊపులో, పొడి గురించి వారి 'సొంత అనుభవం' నేను రాసి ఇచ్చాను. డబ్బు తీసుకొని చేసిన ప్రచారమని తెలిపే మాట నియమం ప్రకారం ఉండాలి, దాన్ని నేను తీసివేయలేదు, వీడియో కింది రాతలో నాలుగో వరుసలో పెట్టించాను, ఎందుకంటే ఫోనులో రెండు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కి తెరిచిన వారికే తెలుస్తుంది. నియమం పాటించామని నా పుస్తకంలో ఎర్ర సిరాతో టిక్కు కూడా పెట్టుకున్నాను! ఆ టిక్కును ఇప్పుడు చూస్తే నా చేతిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

వెంగళరావు నగర్‌లో స్రవంతి అనే అమ్మాయి రోజూ వంటల వీడియోలు పెడుతుంది. నిష్కపటమైన పిల్ల. ఆమెకు రాసిన పేజీలో వాళ్లమ్మ షుగరుతో బాధపడిందని, పొడి తాగి నెలలో మాత్రలు మానేసిందని పెట్టాను. ఆమె ఫోను చేసింది.

"సార్, మా అమ్మకు షుగరే లేదు కద సార్! నాకన్న జల్ది మెట్లెక్కుతది."

"ఎవరో ఒకరి అమ్మకు ఉంటుంది కదమ్మా" అన్నాను.

"గోళీలు బంద్ చేసింది అంటే జర ఎక్కువైతదేమో సార్. వాడి చూస్తున్నం అంటే సరిపోదా?"

"చూస్తున్నాం అంటే ఎవరూ కొనరు, స్రవంతీ."

ఆమె చివరికి సరే సార్ అన్నది. ముసలమ్మ జ్వరానికి చీటీ అడిగిన నేను ఆ పొడికి ఒక్క చీటీ అడగలేదు, ఒక్క డాక్టరు పేరు అడగలేదు! ఇంకొక నేరం కూడా ఉంది. ఆ లేని జబ్బుకు నిజమైన మాటలు కావలసి వచ్చి, మా అక్క మాటలు తీసుకున్నాను. బోరబండలో రైలు స్టేషను దగ్గర కాలి మిషను మీద బట్టలు కుట్టుకొని ఒంటరిగా బ్రతికే మా అక్క, నేను వెళ్లినప్పుడల్లా, "గోళీలు మింగి మింగి నాలిక మొద్దుబారింది తమ్మీ, అన్నం తింటున్ననో గోళీలే తింటున్ననో సమజైతలేదు" అని మొర పెట్టుకొనేది. ఆ వాక్యం అక్షరం మార్చకుండా స్రవంతి వాళ్లమ్మ నోట పెట్టాను. వీడియో మేము అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు పాకింది. ఆఫీసులో కేకు కోశారు. నేనూ తిన్నాను.

అక్క ఫోనులోకి అది ఎప్పుడు చేరిందో నాకు తెలియదు. కుట్టేటప్పుడు ఆ పిల్ల వంటలు పెట్టుకొని వినడం ఆమెకు అలవాటట. మాత్రలు మానేసి పొడి తాగుతున్నట్టు నాతో అనలేదు, నయమయ్యాక చెప్పి నన్ను ఆశ్చర్యపరచాలనుకున్నది. కాలికి సూది గుచ్చుకున్న పుండు మానక, వాసన వచ్చి, పక్కింటివాళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్పించి నాకు కబురు చేశారు. షుగరు దిగితేనే ఆపరేషను, ఆలస్యమైతే కాలు దక్కదు అన్నారు డాక్టరు. అక్కేమో ఇన్సులిన్ సూది వేయించుకోనన్నది, ఇచ్చిన మాత్రలు దిండు కింద దాచింది, స్టీలు డబ్బాలో తెచ్చుకున్న పొడి నీళ్లలో కలుపుకొని నర్సు అటు తిరగగానే తాగింది.

నేను ఆ డబ్బా చూసి, ఇదెక్కడిదక్కా అని అడిగితే, ఆమె నవ్వింది, సహోదరులారా, అంత నొప్పిలో నవ్వింది!

"నీకెర్క లేదు తమ్మీ. ఫోన్ల ఒక పిల్ల ఉన్నది, దాని తల్లి అచ్చం నా లెక్కనే మాట్లాడ్తది. నా బాధ ఆమెకు ఎర్కే. ఆమె గోళీలు బంద్ చేసింది, మంచిగైంది. గీ డాక్టర్లకు గోళీలు అమ్ముకునుడే పని."

డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, నేను కూడా, వేసుకో అక్కా అని బ్రతిమాలాను. అందరికన్నా ఆ తల్లి మాటే ఆమెకు గొప్పది. అలాంటి తల్లి లేదని, ఆ మాట నీదేనని, రాసినవాణ్ని నేనేనని చెబితే తప్ప ఆమె వినదని నాకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. తెలిసీ వరండాలోకి వెళ్లి ఇలా ప్రార్థించాను: "తండ్రీ, నీకు అసాధ్యమైనది లేదు. నేను నోరు తెరవకుండానే ఆమె నోరు తెరిచి మందు మింగేలా చెయ్యి." శనివారం కూడా అదే ప్రార్థన చేసి, తేదీ వేసి పుస్తకంలో రాసుకున్నాను. ఈ సంఘానికి పెద్దనైన నా విశ్వాసం ఎటువంటిదో చూడండి!

ఆదివారం ఉదయం మందిరానికి వచ్చి అక్క కోసం ప్రార్థించమని మిమ్మల్ని అడిగాను. మీరంతా కన్నీళ్లతో ప్రార్థించారు. ఆరాధన ముగిశాక మన రూతమ్మ నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది.

"అన్నా, శాంతమ్మక్క మాకు స్త్రీల కూడికల ఒక పొడి గురించి చెప్పింది. మా ఆయనకు పోస్తున్న, గోళీలు బంద్ పెట్టిచ్చిన. ఇప్పుడు అయిపోయింది, గీడ దుకాణంల దొరుకుతలేదు. మీ ఆఫీసు దిక్కు దొరుకుతదా?"

పైసా ఇవ్వకుండా నోటి నుంచి నోటికి పాకే ప్రచారాన్ని మా ఆఫీసులో అన్నిటికన్నా గొప్ప విజయంగా లెక్కిస్తారు. అది నా మందిరంలో, నా అక్క నోటి ద్వారా, నా ఎదుట నిలబడి ఉన్నది. నేను అక్కడే బెంచీ మీద కూర్చొని చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, శుక్రవారం నుంచి నేను అడుగుతున్నది అక్క బాగుపడాలని కాదు, నా పేరు బాగుండాలని. ఆ పేరు తీసివేయి. ఎవరి నోట ఏమి పెట్టినా తడబడని నా నాలుక నా నిజం చెప్పడానికి రావడం లేదు, నీవే కదిలించు."

ఆకాశం తెరుచుకోలేదు, స్వరమేదీ వినిపించలేదు. కాని నా నోరు తెరుచుకున్నది, దేవునికే మహిమ! "రూతమ్మా, మిగిలిన పొడి పారెయ్యి, ఈ పూటే ఆయనకు డాక్టరు ఇచ్చిన మాత్రలు వెయ్యి, రేపు ఆసుపత్రికి తీసుకువెళ్లు. ఆ వీడియోలో మాటలు నేను రాసినవి. అంతా అబద్ధం" అన్నాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు నాకు న్యాయమే.

అక్కడి నుంచి ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లి, నా పుస్తకంలో స్రవంతికి రాసిన పేజీ తెరిచి అక్క ఒళ్లో పెట్టాను. నా చేతిరాత ఆమె గుర్తుపట్టింది. పెదవులు కదిలిస్తూ చదువుకొని తల ఎత్తింది.

"గిది నేనన్న మాట."

"అవునక్కా."

"ఆ పిల్ల తల్లికి?"

"షుగర్ లేదక్కా. అన్నీ నేనే రాసిన."

"నాకు మొన్ననే ఎందుకు చెప్పలే?"

 ఆమె డబ్బా నా చేతిలో పెట్టి, "నర్సమ్మను పిలువు, సూది ఇయ్యుమను. నువ్వు జర బయట కూసో, నా ముందట ఉండకు" అన్నది. నేను బయటికి వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాను. సూది వేయించుకున్నది, మాత్రలు మింగింది. రెండు రోజుల్లో షుగరు దిగింది. మంగళవారం ఆపరేషను చేసి మోకాలి కింది నుంచి కాలు తీసివేశారు. శుక్రవారమే మందు మొదలై ఉంటే వేళ్లతో పోయేదా అని డాక్టరును అడిగాను. పోయేదేమో, ఖచ్చితంగా చెప్పలేను అన్నాడాయన. ఆ రెండు రోజులు నావి. వాటిని ఎవరి మీదా వేయను. అక్క ప్రాణంతో ఉన్నది, దానికి దేవునికి స్తోత్రం. మిషను తొక్కిన కాలు లేదు, దానికి నేను బాధ్యుణ్ని.

రాజీనామా ఇవ్వడానికి వెళ్తే వంశీ గారు, "పెద్దవారు, ఇంత సెంటిమెంట్ అయితే ఎలాగండీ? మీరు మానేస్తే ఇంకొకరు రాస్తారు" అన్నారు. నిజమే, రాస్తున్నారు! స్రవంతి ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. "నేనప్పుడే అన్న కద సార్!" అని ఏడ్చింది. ఆ వీడియో తీసివేసి, వాళ్లమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, మాకు షుగరు లేదు, మేము చెప్పింది అబద్ధం, దయచేసి మందులు మానకండి అని కొత్త వీడియో పెట్టింది. మొదటిదాన్ని చూసినవారిలో పదోవంతు కూడా దాన్ని చూడలేదు. మొదటిదాన్ని ఎవరెవరో దించుకొని తమ గుంపుల్లో ఇంకా పంపుకుంటూనే ఉన్నారు. అబద్ధాన్ని నలుమూలలకూ పంపే ఉపాయాలు నా పుస్తకం నిండా ఉన్నాయి, వెనక్కి పిలిచే ఉపాయం ఒక్కటీ లేదు, సహోదరులారా! ఆ పుస్తకాన్ని మన పాస్టరు అయ్యగారికి అప్పగించాను. సాక్ష్యాల పుస్తకం కూడా ఇచ్చివేశాను.

ఈ సాక్ష్యం సంఘ పత్రికకు ఇచ్చే ముందు అక్కకు చదివి వినిపించాను, ఆమె అనుమతి లేకుండా ఆమె మాట ఇంకెప్పుడూ వాడనని ప్రమాణం చేశాను గనుక. అంతా విన్నది. ఒక్కచోట ఆపింది. 'మా అక్క నన్ను క్షమించింది' అని రాసి ఉన్నాను.

"గా మాట కొట్టెయ్. గది నేనింక అనలే."

కొట్టివేశాను. ఆమె అన్న రోజున ఆమే మీకు చెబుతుంది.

నన్ను అబద్ధంలో నుంచి విడిపించిన దేవునికి కృతజ్ఞతలు, ఆ విడుదల నాకు ఆలస్యంగా వచ్చింది గాని ఆయన ఆలస్యం చేయలేదు, ఆలస్యం నాదే. మీలో ఎవరైనా ఆ పొడి తాగుతూ మందులు మానేసి ఉంటే, సిగ్గుపడకండి, ఈ పత్రిక పక్కన పెట్టి ఈ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లండి, ఒంటరిగా వెళ్లలేకపోతే కబురు చేయండి, నేను వెంట వస్తాను. చెప్పవలసిన నిజాన్ని నోట్లో దాచుకొని మౌనంగా ప్రార్థిస్తున్నవారు మీలో ఎవరైనా ఉంటే, ఆయనను నమ్మి లేవండి, వెళ్లి చెప్పండి. చెప్పినందువల్ల పోయేవి పోతాయి. అయినా చెప్పండి.