దేవీసింగ్ రెండు చేతుల గడియారాలు

దేవీసింగ్‌ను టైమెంతని అడిగితే ఎడమచేయి చూసుకుని, కుడిచేయి కూడా చూసుకుని, రెండూ ఒకటే చెబితేనే జవాబిచ్చేవాడు. ఎల్లారెడ్డి బస్టాండులో కొత్తవాళ్లెవరైనా పొరపాటున అడిగితే, ఆయన నోరు తెరిచేలోపు కామారెడ్డి బస్సు ఊరు దాటేది.

ఆ రెండూ మామూలు గడియారాలు కావు, డైవ్ కంప్యూటర్లు. నీళ్లలో ఎంత లోతున ఎంతసేపున్నామో, పైకి ఎప్పుడు రావచ్చో, మధ్యలో ఎక్కడ ఆగాలో లెక్కగట్టి చెబుతాయి. దుబాయిలో ఓడల అడుగున పనిచేసిన దేవీసింగ్ 2010లో తండాకు తిరిగొచ్చాక, ఆ విద్యకు మా దిక్కున దొరికిన పని ఒక్కటే. మునిగిపోయినవాళ్లను బయటికి తేవడం. పోలీసులు కబురు పెట్టేవారు, లేదంటే ఇంటివాళ్లే ఏడ్చుకుంటూ వచ్చేవారు. నేను నా పంక్చర్ దుకాణం మూసి, ఆయన వెంట పోయి గట్టు మీద తాడు పట్టుకునేవాణ్ని. ఒక తాడు కాదు, రెండు. టార్చిలు రెండు, కత్తులు రెండు, కళ్లద్దాలు కూడా రెండు. "నాకు గూడ జోడు తెస్తడేమోనని భయమైతది" అనేది ఆయన భార్య హంస్లి.

దుబాయి నుంచి తెచ్చుకున్నది మాత్రం ఒకటే కంప్యూటర్. రెండోది దొరికేదాకా లోతుకు దిగనని భీష్మించుకు కూర్చున్నాడు. ఇద్దరం హైదరాబాద్ పోయాం. దుకాణంలో అమ్మేవాడు రంగుల తెరది, దిక్సూచి ఉన్నది తీసి ముందు పెట్టాడు. దేవీసింగ్ ముట్టుకోకుండానే, ఇది లెక్క ఎట్లా కడుతుందని అడిగాడు. కంపెనీ వేరు కాబట్టి లెక్క కాస్త తేడా ఉంటుందని, కాకపోతే ఇది కొత్తరకమని అతను నచ్చజెప్పబోయాడు.

"నీళ్లల్ల ఒకటి పైకి పో అంటది, ఇంకోటి ఆగు అంటది. నేను ఎవరి మాట వినాలె?" అన్నాడు దేవీసింగ్. "ఒకదాని మాట విని పైకొస్తే, రెండోది అలిగి లెక్క చెప్పుడే బంద్ జేస్తది."

అమ్మేవాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరుగు బస్సులో ఆయన బీర్కూర్ స్వామిదాసు సంగతి చెప్పాడు. దుబాయిలో ఇద్దరూ పక్కపక్కనే దిగేవారట. ఒకరోజు పొద్దున పెట్టుకున్న కంప్యూటర్ ఆగిపోతే, స్వామిదాసు మధ్యాహ్నం వేరే రకంది కట్టుకుని మళ్లీ దిగాడు. పొద్దటి మునక సంగతి ఆ రెండోదానికి తెలియదు. పైకి రావచ్చంది. వచ్చాడు. లోతున ఒంట్లో చేరిన గాలి, సోడాబుడ్డి మూత తీసినట్టు, రక్తంలో బుడగలు కట్టింది. స్వామిదాసు మళ్లీ లేచి నడవలేదు.

చివరికి దుబాయిలోని పాత దోస్తు ఒకతను, సెలవు మీద వస్తున్న పిట్లం మనిషి చేత, అదే కంపెనీది, అదే లెక్క కట్టేది పంపాడు. వాడిందే, తెర నిండా గీతలు. దేవీసింగ్ దానికి కొత్త బ్యాటరీ వేయించి, రెండూ ఒకే లెక్క చెప్పేట్టు అమర్చుకున్నాడు. అప్పట్నుంచి ఏ మునకకైనా రెండూ కట్టుకునే దిగేవాడు. పెళ్లిలో భోజనానికి పిలిచినా రెండు చేతులూ చూసుకునే లేచేవాడు.

2013 వానాకాలంలో కామారెడ్డి అవతల, పాడుబడ్డ గ్రానైట్ క్వారీ గుంతలో సిద్ధిరాములు అనే మనిషి మునిగాడు. పొలం మోటారు పైపు సరిచేయబోయి రాయి మీద కాలు జారాడు. పొద్దున దిగితే దేవీసింగ్‌కు దొరకలేదు. మధ్యాహ్నం మళ్లీ దిగాడు. చాలాసేపటికి ఒక తాడు కదిలింది, లాగితే శవం పైకొచ్చింది. తల్లి గంగామణి ఏడవలేదు. కొంగుతో కొడుకు మొహం మీది బురద తుడుస్తూ కూర్చుంది. అతని గోళ్లు రాతికి గీరుకుని చిట్లిపోయి ఉన్నాయి. ఆమె చూడకముందే నేను ఆ చేతుల మీద తువ్వాల కప్పాను.

దేవీసింగ్ మాత్రం పైకి రాలేదు. బుడగలు ఒకేచోట వస్తున్నాయి. ఈయన కూడా పోయాడని జనం గొణిగారు. కానిస్టేబుల్ ఆయన నడుముకున్న రెండో తాడు లాగమన్నాడు. నాకు స్వామిదాసు గుర్తొచ్చాడు. లాగనన్నాను.

ఆయన తన లెక్క పూర్తయ్యాకే పైకి తేలాడు. గట్టెక్కి, "ఎడమది సచ్చింది తమ్మీ, కుడిదాని మీదనే వచ్చిన" అన్నాడు మెల్లగా. ఎడమచేతి తెర నల్లగా ఉంది.

అంతలో గంగామణి లేచి వచ్చింది. "బిడ్డా, నా కొడుకు బాగ గోస పడ్డడా?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పుకున్నారు. దేవీసింగ్ రెండు చేతులూ ఆమె ముందు చాపాడు.

"లేదవ్వా. తలకు రాయి తాకంగనే పానం పోయింది. మునిగింది గూడ ఎర్కలేదు. ఈ రెండిట్ల జూసిన."

"రెండూ గట్లనే చెప్తున్నయా?"

"రెండూ గట్లనే అవ్వా."

ఆమె వెలుగుతున్నదాన్ని ముట్టుకుంది. నల్లగా ఉన్నదాన్నీ నిమిరింది. అప్పుడు కొడుకు పక్కన కూలబడి తనివితీరా ఏడ్చింది.

సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని వెనక్కి వస్తుంటే అడిగాను. లోతూ టైమూ తప్ప ఆ యంత్రానికి మనిషి గోస ఏం తెలుసన్నాను. పైగా అందులో ఒకటి చచ్చిపోయింది కదా అన్నాను.

దేవీసింగ్ ఎడమచేతి నల్ల తెరను బొటనవేలితో తుడిచాడు.

"సచ్చింది గనకనే ఎదురు చెప్పలే" అన్నాడు.