చెవికి అందని చెయ్యి

బొంబాయి కామాటిపురలో మా గల్లీ చివర ఇరుకు గదుల పాత చాల్ కూలగొట్టి బిల్డింగు కడుతున్నప్పుడు, పాలమూరు నుంచి వచ్చిన ఒక కూలీ కుటుంబం అక్కడే రేకుల షెడ్డులో ఉండేది. తల్లి ఇసుక మోసేది. తొమ్మిదేళ్ల కూతురు నీడన కూర్చుని ఇటుక ముక్కలతో ఆడుకునేది. పక్క సందులోనే మునిసిపాలిటీ తెలుగు బడి. గంట మోగినప్పుడల్లా ఆ పిల్ల అటు తిరిగి చూసేది. అది చూస్తే నాకు కడుపు మండేది.

మా తాతలు కూడా ఇట్లా రాళ్లు మోయడానికి వచ్చినవాళ్లే. నేను ఆ బడిలోనే నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే పిల్లను బడికి ఎందుకు పంపవని ఆ తల్లిని కనిపించినప్పుడల్లా అడిగేదాన్ని. ఆమె నీళ్లు నమిలేది. "రేపు పోదాం తియ్యక్కా" అనేది. ఆ రేపు ఎన్నడూ రాలేదు.

ఒక సాయంత్రం మేస్త్రీ ఆమెతో అంటున్న మాట నా చెవిన పడింది. "పోరి ఖాళీగనే ఉంటది గద. రేపటి సంది కూలోళ్ల చంటిపిల్లలను అదే సూస్కోవాలె." ఇక ఈ పిల్ల పని అయిపోయిందనుకున్నాను. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది.

"ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాకా సదువు పిల్లల హక్కు. ఫీజు లేదు. కాగితాల్లేవని వాపస్ పంపొద్దని కానూన్ ఉన్నది. తల్లివై ఉండి నువ్వే అడ్డం పడితే ఎట్ల?" అని నలుగురిలో కడిగేశాను.

ఆమె తలెత్తలేదు. "అది బడికి చెల్లదక్కా" అంది. కూతురి కుడిచెయ్యి పట్టుకుని పైకి లేపబోయింది. అది భుజం దాటి లేవలేదు. "సైటు మీద పడ్డది. చెయ్యి చెవ్వుకు అందదు. ఎడమ చెయ్యి పెడితే ఒప్పుకుంటరా?"

వెనకట ఊళ్లో బడికి తీసుకెళ్తే, కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్లని మా అమ్మ చెప్పేది. అందితే చేర్చుకునేవాళ్లు. అందకపోతే మళ్లీ ఏడు రమ్మనేవాళ్లు. ఈమె ఇంకా ఆ చెవి దగ్గరే ఆగిపోయింది. ఆ పరీక్ష ఎప్పుడో పోయిందంటే నమ్మలేదు. బతిమాలి, బెదిరించి ఒప్పించాను.

మర్నాడు పొద్దున్నే పిల్లకు తలంటి, నూనె పెట్టి తీసుకొచ్చింది. బడిలో హెడ్మాస్టరమ్మను పెద్దబాయి అంటాం. ఆమె ముందు నేను నోరు తెరిచేలోపే తల్లి "పెట్టు బిడ్డా" అంది. పిల్ల పెదవి కొరుక్కుని చెయ్యి లేపింది. భుజం దాకా వచ్చి ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దబాయి ఆ చేతి వైపే చూస్తోంది. చేతిలో ఒక్క కాగితం లేదు. పెద్దబాయి కాదంటే అక్కడ మేస్త్రీ కాచుకుని ఉన్నాడు. గొంతు పెంచి కానూన్ గురించి మొదలుపెట్టాను.

"నాకు తెల్సు, కూసో" అంది పెద్దబాయి. పిల్లను దగ్గరికి తీసుకుంది. "ఎన్నేండ్లు నీకు?"

"తొమ్మిది."

"అయితే నాలుగో తరగతి. రానిది మేమే నేర్పుతం."

"చెయ్యి సూడకపోతిరి మేడం, మళ్ల పంపిచ్చేస్తరేమో" అంది తల్లి.

"చెయ్యి ముచ్చట ఇప్పుడు ఎవ్వరూ అడగరమ్మా."

టీచరు పిల్లను తరగతిలోకి తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టింది. తల్లి గుమ్మం దగ్గరే నిలబడింది. పోదాం పదమన్నాను. ఆమె కదల్లేదు. ఇసుకతో కాయలు కాసిన కుడిచేతిని మెల్లగా తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకుంది.

"నాకు చిన్నప్పుడు చెవ్వు జరంతల తప్పిందక్కా" అంది. "మళ్ల ఏడు రమ్మన్నరు. మళ్ల ఏటికి మా నాయిన పనికి బొంబై తోల్కొచ్చిండు."

చెవి వదల్లేదు.

"సూడు, ఇప్పుడు అందుతున్నది."