లేని గడ్డ మాయమైన వైనం

మూడు నెలల కిందట మా చర్చిలో ఒక అద్భుతం జరిగింది. జరగలేదని నేనే నిలబడి చెప్పాను, అదీ రెండుసార్లు. అయినా ఊర్లో కొందరు ఇంకా నమ్మడం లేదు. మీరు టీ తాగుతూ వినండి, మొదటి నుంచి చెప్తాను.

ఈ సుగుణ సంగతి మీకు తెలిసిందే. కమలాపురం పక్కన మా ఊరి హైస్కూల్లో తెలుగు పాఠం, ఆదివారం చర్చిలో పాట. చివరి పాట కాగానే మా ఆయన చెప్పులు వెతుక్కుంటాడు. నా చేతికి మైకు వచ్చిందంటే మాత్రం మళ్ళీ కూర్చుంటాడు, ఇప్పట్లో ఇంటికి పోయేది లేదని.

రెండేళ్ల కిందట షుగర్ అని డాక్టరు భయపెడితే, అన్నం తగ్గించి, పొద్దున్నే నడిచి, ఇరవై కిలోలు తగ్గాను. మనిషి తగ్గింది గానీ చర్మం తగ్గలేదు. మోచేతుల పైన రెండు పక్కలా జోలెల్లాగా వేలాడేది. స్కూలు పిల్లలకు టాటా చెప్తే, నేను ఆపేశాక కూడా అది ఇంకాసేపు చెప్తానే ఉండేది.

అయినా నేను పట్టించుకోలేదు, సండే స్కూల్లో బ్లెస్సీ అడిగేదాకా. ఆరేళ్ల పిల్ల. చేతులెత్తి పాట నేర్పిస్తుంటే దగ్గరికొచ్చి, ఆ వేలాడేదాన్ని వేలితో మెల్లగా ఊపి, "టీచరమ్మా, ఇవి నీ రెక్కలా?" అంది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఏడ్చాను.

పాట ఎత్తుకున్నానంటే నా చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. ఆ తర్వాతి ఆదివారం లేవలేదు. ఎత్తబోతే వెనక బెంచీల వాళ్ల చూపులు గుర్తొచ్చాయి. దేవుని ముందు చేతులు కట్టుకుని పాడడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఆ చర్మం కోసి కుట్టేసే ఆపరేషన్ బెంగళూరులో చేస్తారని ఫోన్లో చూశాను. మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. విని ఒకే మాటన్నాడు.

"అవి నాకేం అడ్డమొచ్చినాయే?"

"నీకు కాదు, నాకు," అన్నాను.

మరి ఊర్లో ఏం చెప్పాలి? యాభై మూడేళ్ల ఆడమనిషి, అందులోనూ సండే స్కూల్ టీచరు, అందం కోసం కోయించుకుందంటే? చేతిలో గడ్డ అని చెప్పాను.

"రెండు చేతులకా?" అంది మా తోడికోడలు.

"రెండు చేతులకే."

గడ్డ అంటే జనం ఏమనుకుంటారో నేను ఆలోచించలేదు. ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనరు కదా. నేను కుట్లతో ఊర్లో దిగేసరికి చర్చిలో ఉపవాస ప్రార్థనలు నడుస్తున్నాయి.

ఆరు వారాల్లో సర్దుకుంటుందన్నాడు డాక్టరు. ఐదు నెలలైంది. ఎడమచేయి బాగుంది. కుడిచేతిలో మాత్రం చీమలు బారు కట్టి నడిచినట్టు, ఉండుండి కరెంటు కొట్టినట్టు. భుజం దాటి పైకి లేవదు. జడ వేసుకోలేను. మా ఆయనే వేసేవాడు, బస్సు టాపు మీద మూటలు కట్టినంత గట్టిగా. "ఊడితే నన్నడుగు," అనేవాడు. ఊడేది కాదు, తల నొప్పి పుట్టేది.

మళ్ళీ బెంగళూరు పోతే, "నరాలకు టైం పడుతుందమ్మా. గోడ మీద వేళ్లతో చేయి పైకి పాకించండి," అన్నాడు డాక్టరు. రోజూ బల్లి మాదిరి పాకించేదాన్ని. ఎంతవరకు పోతే అంతవరకు మా ఆయన పెన్సిల్‌తో గీత గీసేవాడు. గీతలన్నీ ఒకదాని మీద ఒకటే పడేవి.

ఒక శుక్రవారం అట్లా గోడకు నిలబడి, నొప్పికి కళ్ళ నీళ్లు కారుతుంటే, ఎస్తేరు జేజి వచ్చింది. మా చర్చిలో అందరికంటే పెద్దామె. శనక్కాయ చేలల్లో కలుపు తీసి తీసి నడుము వంగిపోయింది. నేను గోడ ముందు ఏడుస్తూ ప్రార్థన చేస్తున్నాననుకుని, చప్పుడు లేకుండా నా వెనకే మోకాళ్లూనింది.

"లే జేజీ, లే. ఏమన్నా తిన్నావా?"

"ఈపొద్దు శుక్రవారం గదమ్మే. నీ చేయి బాగయ్యేదాకా శుక్రవారం నీళ్లు తప్ప నోట్లో ఏం పోసుకోను."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు బెంగళూరు పోయినప్పటి నుంచి."

ఎన్ని శుక్రవారాలో లెక్కపెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోరు రాలేదు. మైకు లేకపోతే నాకు నోరు రాదు. ఆదివారం అందరి ముందూ చెప్పేద్దామని తీర్మానం చేసుకున్నాను.

ఆదివారం పాస్టరయ్య, "సాక్ష్యం చెప్పేవాళ్లుంటే రండి," అనగానే లేచాను. మైకు తీసుకున్నాను. మా ఆయన సర్దుకుని కూర్చున్నాడు.

"దేవునికి స్తోత్రం," అన్నాను.

"స్తోత్రం," అన్నారందరూ.

"ఐదు నెలలుగా మీరంతా నా చేతిలో గడ్డ కోసం ప్రార్థన చేస్తాండారు. ఈపొద్దు నిజం చెప్తాండా. నా చేతిలో గడ్డ లేదు."

"ఎప్పుడూ లేదు" అన్న మాట నా గొంతులోనే ఉంది. అంతకంటే ముందే డోలక్ లేచింది. చర్చి మొత్తం హల్లెలూయా అంది. పాస్టరయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"అది కాదయ్యగారూ, నేను..."

"అవును తల్లీ. నువ్వు కాదు, నేను కాదు. అంతా ఆయన చేసిందే."

"అసలు గడ్డే లేదు," అని గట్టిగా అన్నాను.

"ఆనవాలు కూడా లేదంట," అని ఎవరో వెనక బెంచీకి అందించారు.

"చేతులెత్తి స్తుతిద్దాం," అన్నాడు పాస్టరయ్య. అందరి చేతులూ లేచాయి. అందరి కళ్ళూ నా కుడిచేతి మీదే. ఎత్తకపోతే వాళ్ల సంతోషం పాడవుతుంది, ఎత్తితే నా అబద్ధానికి దేవుని సంతకం పెట్టించినట్టవుతుంది. నా చేతికి ఈ గొడవలేం తెలుసు? పాట వినపడింది, పాత అలవాటున లేచింది. భుజం దాకా బాగానే లేచింది. ఆ పైన కొట్టింది కరెంటు. నేను "అమ్మోవ్" అన్న అరుపు మైకులో పడి, చర్చి మీది స్పీకరులోంచి బస్టాండు దాకా పోయిందంట. ఎడమచేతిలో మైకు జారి కిందపడి, అంతటితో గమ్మునైపోయింది.

డోలక్ ఆగింది. జేజి ఒక్కతే కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చి, నా చేయి మెల్లగా దించి, తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఆ చేతులు గరుకు, వేడి. వంగి ఆమె చెవిలో చెప్పేశాను. గడ్డ ఎప్పుడూ లేదని, తోలు వేలాడుతోందని సిగ్గుపడి కోయించుకున్నానని. "నీ శుక్రవారాలన్నీ వృథా చేసినా జేజీ," అన్నాను.

జేజి నా చేయి ఇటూ అటూ తిప్పి చూసింది.

"నొప్పి ఉండాదా, లేదా?"

"శానా ఉండాది."

"నేను తండ్రి దగ్గర గడ్డ ఊసు ఎప్పుడెత్తినా? మా సుగుణకు చేయి నొప్పి తీయి తండ్రీ అంటి. నొప్పి నిజమే అయినప్పుడు నా పస్తు యాడికి పోతాది?" అని, "తోలుకని ముందే చెప్పింటే మాత్రం సంగటి తిన్నాకే ప్రార్థన చేసిందును," అంది.

మైకు లేదు. అయినా నోరు వచ్చింది. అందరి వైపు తిరిగి మొత్తం చెప్పాను, తోడికోడలికి చెప్పిన రెండు చేతుల అబద్ధంతో సహా. ఈసారి ఎవరికీ హల్లెలూయా అనే సందివ్వలేదు. చెప్పడం అయ్యాక ఎవరూ స్తోత్రం అనలేదు.

చాప మీద నుంచి బ్లెస్సీ లేచింది.

"టీచరమ్మా, మరి ఆ రెక్కలు యాడ పెట్టినావు?"

"బెంగళూరులోనే వదిలేసినా పాపా."

"అయ్యో," అంది ఆ పిల్ల, నిజంగానే బాధపడి. "దేవదూత మాదిరి ఉంటివి గదా."

చూశారా? ఆ పిల్ల మెచ్చుకుంటే నేను పోయి కోయించుకొచ్చాను. మొదట నవ్వింది పాస్టరయ్య. తర్వాత అందరూ నవ్వారు. మా తోడికోడలు మాత్రం, "రెండు చేతులకే," అని నా గొంతు పెట్టి ఒకసారి వెక్కిరించి, అప్పుడు నవ్వింది.

స్పీకరులో వెళ్లింది మాత్రం మొదటి సగమే. బస్టాండు కాడ టీ కొట్టు మస్తాన్ ఇప్పటికీ నన్ను చూస్తే, "అల్లా దయ, గడ్డ పోయిందంట గదమ్మా," అంటాడు. రెండుసార్లు సరిచేశాను. ఇప్పుడు తల ఊపి టీ తాగి వస్తాను.

జేజి శుక్రవారం పస్తు మానేసింది. ఆ పూట మా ఇంట్లోనే తింటుంది. "ఒక్కదాన్నే తింటే నాకు ముద్ద దిగదు, నువ్వూ కూర్చో," అంటుంది. రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి, ఒక్కో వారం కోడి పులుసు. తిన్నాక నన్ను గోడకు నిలబెట్టి, "ఇంకొంచెం, ఇంకొంచెం," అని పాకిస్తుంది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, పెన్సిల్ గీత జానెడు పైకెక్కింది.

మొన్న షుగర్ డాక్టరు నన్ను మిషన్ మీద నిలబెట్టి మొహం మాడ్చుకున్నాడు. నాలుగు కిలోలు పెరిగానంట. ఇంటికొచ్చి చూసుకుంటే జాకెట్టు చేతుల దగ్గర బిగుతు. ఈ ఆదివారం బ్లెస్సీకి చెప్పాలి, బాధపడొద్దని. దేవుని దయవల్ల మళ్ళీ మొలుస్తాండాయి.