డబ్బాలో నా సంతకం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. గాజువాకలో ఉంటాను, ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ని. కారణం లేకుండా లైటు ఆరదు, అంతవరకే నా నమ్మకం. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

మా అక్క భర్త అప్పలరాజు బావకి జియోకాషింగ్ అని ఒక పిచ్చి. ఎవరో ఎక్కడో ఒక డబ్బా దాచి, ఆ చోటు గుర్తులు ఫోన్ యాప్‌లో పెడతారు. వెతికి పట్టుకున్నవాళ్ళు లోపలి పుస్తకంలో సంతకం చేసి, డబ్బాని మళ్ళీ అక్కడే పెట్టేయాలి. యాభై దాటిన మనిషి రాళ్ళ సందుల్లో చేతులు పెట్టి వెతుకుతుంటే మా అక్క తల కొట్టుకునేది. నేనేమో ఆయనకి తోక.

పోయిన మార్చిలో బావ సొంతంగా ఒక డబ్బా దాస్తానన్నాడు. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం ఒకటి చూసుకున్నాడు. అక్కడ గుడ్లని కంచె వేసి కాపాడి, పిల్లలు బయటికొచ్చాక పొద్దున్నే నీళ్ళలోకి వదులుతారు.

"ఆదివారం ఎల్దాం రా. పిల్లల్ని వొదల్డం సూసి, డబ్బా ఎట్టీసి వొచ్చీద్దాం," అన్నాడు ఫోన్లో.

"డ్యూటీ ఉంది బావా," అన్నాను.

డ్యూటీ లేదు. శనివారం నైట్ షిఫ్టు, తెల్లారితే నిద్ర కావాలి. అంతే. తొమ్మిదింటికి మా ఆవిడ టిఫిన్ తినమని లేపితే, విసుక్కుని అటు తిరిగి పడుకున్నాను.

పన్నెండింటికి లేచి ఫోన్ చూస్తే బావ మెసేజి, ఏడున్నరకి పెట్టింది. డబ్బా ఉన్న చోటు గుర్తులు, కింద ఒక మాట: "మొదటి వరస నీకోసం ఖాళీగా ఉంచాను." ఆ తర్వాత అక్క చేసిన ఫోన్లు తొమ్మిది. తొమ్మిదింటి వేళ బావ ఆ ఒడ్డునే గుండె ఆగి పడిపోయాడు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదు.

దినకార్యాలయ్యాక కూడా అక్కది ఒకటే ఏడుపు. "ఒక్కడే పోనాడ్రా. గుక్కెడు నీల్లు పోసినోలైనా నేరు." ఆ మాట విన్నప్పుడల్లా నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

నెల తిరిగాక ఆ డబ్బా తెచ్చిపెట్టమంది, ఆయన చేతిరాత ఉంటుందని. పొద్దున్నే వెళ్ళాను. ఫోన్ చూపించిన చోటే, రెండు రాళ్ళ మధ్య స్టీలు టిఫిన్ డబ్బా. చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. బావ దాన్ని యాప్‌లో పెట్టనే లేదు, గుర్తులు నాకొక్కడికే పంపాడు.

పుస్తకం తెరిచాను. పైన బావ రాత, పక్కన తాబేలు బొమ్మ. మొదటి వరసలో ఆ ఆదివారం తేదీ, నా సంతకం.

'సింహాద్రి' అని రాసి, చివరి గీతని వెనక్కి లాగి కింద రెండు చుక్కలు పెడతాను. బ్యాంకులో విసుక్కున్నా మానలేదు. ఆ చుక్కలతో సహా ఉంది. బావ ఆటపట్టించడానికి వేశాడేమో అనుకున్నాను. కానీ ఆయనది ఎడమచేతి వాటం, అక్షరాలన్నీ ఒక పక్కకి పడిపోయినట్టుంటాయి.

కంచె దగ్గర కాపలా ఉండే ముసలాయన నన్ను చూసి వచ్చాడు. నేను ఆయన్ని చూడటం అదే మొదటిసారి.

"ఆయన బతికినాడా బాబూ?" అన్నాడు. లేదన్నాను.

"ఆటో వొచ్చినంతవరకూ తల మీ ఒళ్ళోనే ఎట్టుకున్నారు గదా. నాను నీల్లు తెత్తే మీరే పట్టించినారు. ఆటో ఎక్కించాక సూత్తే మీరు నేరు. ఏటయిపోనారు?"

డబ్బా తీసుకుని అక్క దగ్గరికి వచ్చేశాను.

అక్క ఆ వరస మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "డ్యూటీ అన్నావు. అయినా ఎల్లావన్నమాట. నాతో సెప్పనేదేటిరా?" అంది. మళ్ళీ, "నీల్లైనా తాగినాడా?" అని అడిగింది.

తాగాడన్నాను.

ఆ రోజు అక్క పెట్టుకున్న అన్నమంతా తింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. కాదని చెప్పాలంటే, ఆ పొద్దున నేనెక్కడున్నానో చెప్పాలి.

పుస్తకం ఇప్పుడు అక్క దేవుడి గూట్లో ఉంది. ఆ సంతకం ఎవరు చేశారో, బావ తల ఎవరి ఒళ్ళో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. తొమ్మిదింటికి మా ఆవిడ లేపింది. నేను అటు తిరిగి పడుకున్నాను.