తోమని పెన్నీ

కిషన్‌రావు చెక్క పెట్టెలో పన్నెండో గుంత అంచును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. కాసేపు రుద్దడం, పాత పెన్నీ నాణేన్ని అందులో వేసి చూడడం, వేలితో తీయడం. పెన్నీ బిగుసుకోకూడదు, గలగలలాడకూడదు.

ఇంగ్లండులోని స్లౌ ఊళ్లో బిస్కెట్లు ప్యాక్ చేసే మిషన్లను ఇరవై ఏళ్లుగా బాగుచేస్తున్న మనిషి. వడ్రంగం అతనికి ఎవరూ నేర్పలేదు. ఇంటి వెనక షెడ్డులో చెడగొట్టిన చెక్కలే నేర్పాయి. నోటితో చెప్పిన కొలతకు రంపం ముట్టడు.

ఈ పెట్టె దగ్గర్లోని రీడింగ్ అనే ఊళ్లో ఉండే సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరు విద్యాసాగర్‌ది. అతనికి పాత ఇంగ్లీషు పెన్నీల పిచ్చి. అవీ అన్నీ కాదు. లోహం సరిగ్గా కలవక, ఏళ్లు గడిచేకొద్దీ చెక్క మీది చారల్లాంటివి పైకి తేలినవే కావాలి. మూడేళ్లలో పన్నెండు దొరికాయి. శనివారం నాణేల క్లబ్బులో వాటి మీద ఉపన్యాసం. వాళ్లకు నచ్చితే సభ్యత్వం. పెన్నీలు పన్నెండు, స్లైడ్లు తొంభై.

కొలత అడిగినప్పుడు, "అంగుళం ఉంటుంది అంకుల్" అన్నాడు.

"ఉంటది గింటది కాదు. ఒకటి ఇచ్చిపో."

చారలు అన్నిటికన్నా పలచగా ఉన్నదాన్ని ఏరి ఇచ్చాడు. కొలిస్తే అంగుళంపావుకు ఒక మిల్లీమీటరు తక్కువ.

శుక్రవారం సాయంత్రం విద్యాసాగర్ టవల్ మూటతో షెడ్డులోకి వచ్చాడు. వెనకే, ఇండియా నుంచి వచ్చి నెలైన అత్తగారు సావిత్రమ్మ. మూట విప్పితే పదకొండు పెన్నీలు నిన్న పోత పోసినట్టు మెరుస్తున్నాయి.

"కొంప మునిగింది అంకుల్. చింతపండు, ఉప్పు వేసి తోమేశారు."

"శుక్రవారం పూట దేవుడి దగ్గర మకిలి రాగి పెడతామా అల్లుడుగారూ? అరగంట రుద్దితే గానీ ఆ మచ్చలు పోలేదు."

"అరగంటా!" విద్యాసాగర్ నెత్తి పట్టుకున్నాడు. "అంకుల్, ఏదైనా కెమికల్‌తో ఆ చారలు మళ్లీ వేసేయండి. రేపు ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తది. వేప చెక్కకు చారలు గీసి టేకని అమ్మెటోళ్లను చూసిన. ఆ పని నాకు రాదు." కిషన్‌రావు పదకొండు పెన్నీలనూ గుంతల్లో వరసగా పెట్టాడు. పన్నెండో గుంతలో కొలతకు తీసుకున్న పెన్నీ వేశాడు. ఆ మెరుపుల మధ్య దాని పలచటి చారలు ఇప్పుడే మొదటిసారి కనిపించినట్టున్నాయి.

"ఇదే తీస్కపో. జరిగింది జరిగినట్టు చెప్పు."

"మరి నా తొంభై స్లైడ్లు?"

"ఒక్కటుంచు: తోమొద్దు అని."

సావిత్రమ్మ పెట్టె మీదికి వంగింది. "అయ్యో, ఇదొక్కటీ మిగిలిపోయింది. ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ, నిమిషంలో తోమేస్తాను."

కిషన్‌రావు గాజు మూత వేసి, నాలుగు మూలలా మరలు బిగించి, పెట్టెను విద్యాసాగర్ చేతుల్లో పెట్టాడు.