నలభై ఐదు పౌండ్లు అడిగిన ఛాంపియన్

2018లో సూళ్లూరుపేట స్టేషన్ రోడ్డులో నాది టెన్నిస్ రాకెట్లకు గట్టింగ్ చేసే చిన్న అంగడి. గట్టింగ్ అంటే రాకెట్‌కు తీగలు అల్లడం. ఎంత బిగువుగా లాగాలో పౌండ్లలో చెబుతారు. దాన్నే టెన్షన్ అంటాం. కుర్రవాళ్లెవరూ యాభై ఐదుకు తగ్గరు. బిగువులోనే పనితనం ఉందని నా గర్వం.

సుగుణమ్మగారు మాత్రం నలభై ఐదే అడిగేవారు. రిటైరైన డ్రిల్లు టీచరు. ఒకప్పుడు రాష్ట్ర మహిళల ఛాంపియన్ అని ఊళ్లో పదిమందికి కూడా తెలియదు. బలంగా బాదే ఆట కాదు ఆమెది. బంతిని కోసినట్టు తాకితే అది నెట్ దాటగానే చచ్చినట్టు పడేది. అదే డ్రాప్ షాట్. దానికోసం ఎదుటివాళ్లు ముందుకు పరిగెత్తుకొస్తే, తలమీదుగా లాబ్ లేపి వెనక గీత దగ్గర దించేవారు. తాను కదలకుండా ఎదుటి మనిషిని ఊరంతా తిప్పే ఆట.

నెల్లూరులో వెటరన్స్ పోటీకి ముందురోజు రాకెట్ ఇచ్చారు.

"వదులుగానే ఉండాలబ్బయా. నీ బిగువు నాకొద్దు."

"అట్నేలే మేడం."

అన్నాను గానీ, అక్కడ నలుగురూ పట్టుకు చూస్తే నా పని గురించి ఏమనుకుంటారోనని యాభై ఐదుకు లాగాను. ఆమెకు చెప్పలేదు.

మరునాడు నేనూ చూడటానికి వెళ్లాను. తీగలు బిగిస్తే బంతి అంత దూరం పోదు. డ్రాప్‌లన్నీ నెట్‌కు తగిలాయి. లాబ్‌లు సగంలోనే దిగితే అవతలామె ఒక్కొక్కటీ బాదేసింది. "పెద్దామె పనైపోయినట్టుందే" అన్నాడు పక్కాయన. నేను తల వంచుకున్నాను.

ఓడిపోయి వచ్చి రాకెట్ నా చేతిలో పెట్టారు. "ఎవరికన్నా ఇచ్చెయ్ అబ్బయా. నా చెయ్యి చచ్చిపోయినాది. ఇంక ఆడను."

అప్పుడైనా నోరు విప్పలేదు. మూడు రోజులు ఆ రాకెట్ అంగడిలో నా కళ్లెదుటే వేలాడింది. నాలుగో రోజు తీగలు కోసేసి, నలభై ఐదుకు మళ్లీ అల్లి, ఆమె ఇంటికి పోయి జరిగింది చెప్పాను.

"నీ మీద నమ్మకంతో వేలితో తట్టి కూడా చూడలేదే నేను!" అన్నారు.

తిట్లకోసం నిలబడ్డాను. ఉన్నట్టుండి ఆమె మొహం వెలిగింది.

"అంటే, నా చెయ్యి బాగనే ఉందన్నమాట! పదరా దొంగోడా, కోర్టుకు పోదాం."

ఆ సాయంత్రం నాలుగు డ్రాప్‌లకు నేను చేరలేకపోయాను. ఐదోదానికి చేరాను. ఆరోసారి ముందుగానే నెట్ దగ్గరికి ఉరికితే, బంతి నా తలమీదుగా పోయింది.

ఆమె ఇప్పటికీ ఆడుతున్నారు. పని నాదే అయినా, రాకెట్ పట్టే చెయ్యి నాది కాదని ఆమె దగ్గర నేర్చుకున్నాను. అడిగిన అంకె చీటీ మీద రాసి పిడికి కడతాను, ఎంత అడిగితే అంతకే లాగుతాను. ఇచ్చేముందు తీగలు తట్టి వినిపిస్తాను. సుగుణమ్మగారు మాత్రం నా ఎదుటే ఇంకోసారి తట్టి చూసుకుంటారు.

చూసుకోనీ.